మా ఆయన స్టేజీ ఎక్కని రోజులు

మా ఆయనకు అంత గొంతు ఉందని పెళ్ళికి ముందు నాకెవరూ చెప్పలేదు. పెళ్ళిచూపుల్లో "పాటలొచ్చా అమ్మాయ్" అని నన్ను అడిగారు గానీ, అదే మాట ఆయన్ని అడగాలని మా వాళ్ళలో ఒక్కరికీ తోచలేదు. రెండువేల రెండులో నేను అబుదాబి వచ్చాక ముసఫా షాబియాలో ఒక ఫ్లాట్లో సగం అద్దెకు తీసుకున్నాం. మిగతా సగంలో ఒక మలయాళీ కుటుంబం ఉండేది. వంటగది మా రెండిళ్ళకూ ఒకటే. ఒక శుక్రవారం పొద్దున నేను చేపలు తోముతుంటే స్నానాలగదిలోంచి పద్యం వినిపించింది. చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. మలయాళీ ఆవిడ పరిగెత్తుకొచ్చి "రేడియోనా?" అంది. "కాదు, మా ఆయన" అని చెప్పడానికి కాస్త సిగ్గేసింది, లోపల గర్వంగానూ ఉంది.

ఆయన బయటికి రాగానే నిలబెట్టి అడిగాను. "ఇంత గొంతు పెట్టుకుని ఇన్నాళ్ళూ ఏమీ ఎరగనట్టు ఎలా ఉన్నారండీ?"

"స్నానాలగదిలో పాడితే తప్పు లేదులే" అన్నాడు తల తుడుచుకుంటూ.

మరి ఎక్కడ పాడితే తప్పో ఆ రోజు చెప్పలేదు. నేనూ చేపల పనిలో పడి వదిలేశాను.

ఆయన ఉద్యోగం ఐకాడ్ అనే పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో. మనిషి నిలబడి నడవగలిగేంత పెద్ద ఉక్కు గొట్టాలూ, ఆయిలు ట్యాంకులూ చేస్తారక్కడ. వెల్డింగు అతుకులు సరిగ్గా పడ్డాయో లేదో టార్చిలైటు పట్టుకుని లోపలికి వెళ్ళి చూడటం ఆయన పని. మధ్యాహ్నం మిషన్లు ఆపి అందరూ భోజనాలకు వెళితే, ఈయన గొట్టంలో కూర్చుని పద్యం అందుకునేవాడట. ఉక్కు గొట్టంలో గొంతు ఎలా మోగుతుందని అడిగితే ఆయనకు ఇప్పటికీ మాటలు చాలవు. రెండు చేతులూ గాల్లో తిప్పి ఊరుకుంటాడు.

ఒక రోజు అలా కళ్ళు మూసుకుని పాడుతుంటే, ఆయన దగ్గర పనిచేసే వెల్డరు, జగిత్యాల వైపు కుర్రాడు, గొట్టం మూతి దగ్గర నిలబడి కేకేశాడు.

"అన్నా, జల్దీ బయటికి రా! ముదీర్ నిలవడి ఇంటున్నడు. ఇగ నీ పని ఖలాస్!"

ముదీర్ అంటే అక్కడ ఎవరైనా సరే పై అధికారి. వచ్చినవాడు ఆ గొట్టాలు కొనుక్కునే కంపెనీ తరఫున తనిఖీ చేసే ఇటలీ పెద్దమనిషి. గొట్టంలో ఒక్కడే ఉండకూడదని రూలు ఉంది. మా ఆయన చెమటలు కక్కుకుంటూ బయటికొచ్చి నిలబడ్డాడు. ఆ పెద్దమనిషి కోప్పడలేదు. సైట్లలో పట్టుబడిన హిందీలో "ఫిర్ సే, ఫిర్ సే" అని మళ్ళీ గొట్టంలోకి తోశాడు. రెండోసారి పాడించుకుని, పూర్తిగా విని, ఆ తర్వాతే వార్నింగు లెటరు చేతికిచ్చాడు. దాంతోపాటు వాళ్ళావిడ ఫోను నంబరు కూడా ఇచ్చాడు. ఆవిడ వయసులో ఉన్నప్పుడు వాళ్ళ దేశంలో ఒపేరాల్లో పాడిందట.

ఒపేరా అంటే ఏమిటో మాకు అప్పటికి తెలియదు. అది కూడా నాటకమేననీ, కాకపోతే కథంతా పాటలోనే నడుస్తుందనీ ఆవిడే చెప్పింది. "మన పద్యనాటకానికి పెద్దన్న వరసన్నమాట" అని మా ఆయన సంబరపడిపోయాడు. మగవాళ్ళలో పై స్థాయికి వెళ్ళి నిలబడే గొంతును టెనర్ అంటారనీ, అలాంటిది వెతికినా దొరకదనీ, ఈయనది ఆ గొంతేననీ చెప్పింది. నేను పక్కనే ఉండి విన్నాను. ఉండక మరి? శుక్రవారం శుక్రవారం పాట పాఠాలకని పరాయి ఆడమనిషి ఇంటికి ఆయన్ని ఒక్కణ్ణే పంపిస్తానా? ఆవిడకు అరవై దాటాయని చూశాక గానీ నా మనసు కుదుటపడలేదు.

ఆవిడ మంచిదే గానీ మా ఇంటిని తలకిందులు చేసింది. పద్యం పాడేవాళ్ళు గొంతు చించుకుని పాడతారు కదా, అది మానమంది. ఊపిరి పొట్టలోంచి రావాలని, వెల్లకిలా పడుకుని పొట్టమీద బరువు పెట్టుకుని పైకీ కిందకీ ఆడించమంది. మా ఇంట్లో బరువంటే బియ్యం బస్తానే. ఈయన నేలమీద పడుకునేవాడు, నేను సోనా మసూరి బస్తా ఈడ్చుకొచ్చి పొట్టమీద పెట్టేదాన్ని. ఒకసారి వంటకు టైమైపోతుంటే ఆయన పొట్టమీదే బస్తా విప్పి సోలతో బియ్యం కొలుచుకున్నాను. నవ్వాడని తిట్టాను కూడా, బియ్యం ఒలికిపోయాయని.

ఆ తర్వాత కారం మీద పడింది. పచ్చళ్ళు వద్దు, పులుసులు వద్దు, ఐసునీళ్ళు వద్దు. నెల్లూరు మనిషికి చేపల పులుసు వద్దంటే ఇంకేం మిగులుతుంది? "నా గోంగూర మీద ఆవిడ పెత్తనమేంటండీ" అని ఎగిరాను. మా ఆయన మాత్రం మజ్జిగన్నం కిక్కురుమనకుండా తినేవాడు. ఆయనలో అంత పట్టుదల ఉందని నాకు అప్పుడే తెలిసింది. క్లినిక్కులో రిసెప్షన్ పని ముగించుకుని నేను బస్సు దిగేసరికి, ఆయన మా పాత కారు అద్దాలెక్కించి లోపల సరిగమల్లాంటివి సాధన చేస్తూ ఉండేవాడు. ఇంట్లో పాడితే మలయాళీ వాళ్ళ చంటిది లేచి ఏడ్చేది మరి.

ఏడాది తిరిగేసరికి ఆవిడ ఆయన్ని ఒక పాటల బృందంలో చేర్చింది. అన్ని దేశాలవాళ్ళూ ఉన్న బృందం. మొదటి కచేరీ ఒక స్కూలు హాల్లో పెట్టారు. అందరూ స్టేజీ మీద వరసలుగా నిలబడ్డారు. మా ఆయన ఒక్కడే స్టేజీ పక్కన, కింద, గచ్చు మీద నిలబడ్డాడు.

"పైకి రా" అని టీచరు సైగ చేస్తే తల అడ్డంగా ఊపాడు. కచేరీ అయ్యాక ఎందుకలా అని అడిగితే, ఎత్తు మీద నిలబడితే కళ్ళు తిరుగుతాయన్నాడు. ఇటలీ పెద్దమనిషి పొట్ట పట్టుకుని నవ్వాడు. రోజూ ట్యాంకుల పైకి నిచ్చెన మీద పాకి వెళ్ళే మనిషికి మోకాలెత్తు స్టేజీ మీద కళ్ళు తిరుగుతాయా?

ఇంటికి రాగానే తలుపేసి నిలదీశాను. "ఏంటి సంగతి? నిజం చెప్తారా, రేపటి నుంచి మళ్ళీ కారం మొదలుపెట్టమంటారా?"

అప్పుడు చెప్పాడు.

మా మామయ్య, అంటే ఈయన తండ్రి, కావలి చుట్టుపక్కల పేరున్న పద్యనాటకం నటుడు. రాజు వేషాలకు పెట్టింది పేరు. మైకు సరిగ్గా లేని రోజుల నుంచి పాడి పాడి ఆయన గొంతు అరిగిపోయింది. ఒక తిరునాళ్ళలో రాగం మధ్యలో గొంతు జీరపోయి ఆగిపోతే, జనం చప్పట్లు కొట్టి దించేశారు. మర్నాడు పొద్దున మా ఆయన్ని పిలిచి, తన నెత్తిమీద చెయ్యి పెట్టించి, "ఈ జన్మలో స్టేజీ ఎక్కను" అని ఒట్టు వేయించుకున్నారు. మా ఆయన అప్పటికి ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. తండ్రితోపాటు స్టేజీ వెనకే పెరిగిన పిల్లాడు, నాటకాలాడే వీధిలోకి వెళ్ళడం కూడా మానేశాడు. డిప్లొమా చేశాడు, గల్ఫ్ వచ్చేశాడు.

"స్టేజీ ఎక్కనన్నాను గానీ పాడనని అనలేదు" అన్నాడు. "నేలమీద నిలబడి పాడితే ఒట్టు పోదుగా?"

లాయరు అవ్వాల్సిన మనిషి అనుకున్నాను. ఇంకోపక్క జాలేసింది. మామయ్య నెత్తిమీద పెట్టిన ఒట్టు నేను మాత్రం పొమ్మనగలనా?

అలా మూడేళ్ళు నేలమీదే గడిచింది. నేలమీదే పేరు కూడా వచ్చింది, అదే విచిత్రం. ఎక్కడో దూరాన రువైస్‌లో రిఫైనరీ వాళ్ళ క్లబ్బులో పాడించారు. మా డొక్కు కారులో ఆ పొడుగాటి రోడ్డు మీద పులిహోర తింటూ వెళ్ళాం. ఆయనకు కారం లేని పులిహోర, నాకు మామూలుది. దుబాయ్‌లో డేరా వైపు ఒక హోటల్లో పెళ్ళి విందులో పాడాడు. అక్కడా స్టేజీ పక్కన కిందే నిలబడ్డాడు. జనం అదొక స్టైలు అనుకున్నారు. మా వెల్డరు కుర్రాడు రువైస్ కచేరీకి వచ్చి "అన్నా, సమజైతే కాలేగని రోమాలు లేశినయ్" అని చెయ్యి చూపించాడు. ఆ పొగడ్త మా ఆయన ఎన్నాళ్ళు చెప్పుకున్నాడో.

రెండువేల ఆరు చివర్లో టీచరు ఒక కబురు చెప్పింది. వాళ్ళ దేశంలో ఒక ఒపేరా థియేటరుకు సంగీత దర్శకుడొకాయన చలికాలంలో అబుదాబి వస్తున్నాడు. కొత్త గాయకులకు అక్కడ ఒక ఏడాది శిక్షణ ఇస్తారు. బాగా చేస్తే వేషాలు కూడా ఇస్తారు. ఒక హోటలు హాల్లో జరిగే కచేరీలో ఈయన్ని విని, నచ్చితే తీసుకుంటాడు. ఒపేరా అంటే నాటకం కాబట్టి, మనిషి స్టేజీ మీద ఎలా నిలబడతాడో ఆయన చూడాలి. కింద నిలబడి పాడేవాణ్ణి ఆయనేం చేసుకుంటాడు?

టీచరుకు అప్పటికే ఒట్టు సంగతి చెప్పేశాను. ఆవిడ నవ్వలేదు. "మీ నాన్నను అడుగు" అంది ఈయనతో, అంతే.

అడగడం ఈయన వల్ల అవుతుందా? ఫోను పట్టుకుని "నాయనా, వానలు పడ్డాయా? ఆవు ఈనిందా?" అని అడిగి పెట్టేసేవాడు. నాలుగుసార్లు అలాగే జరిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీరు అడగరు, నేను అడుగుతాను, ఎదురుగా కూర్చోబెట్టుకునే అడుగుతాను" అని విజిట్ వీసా తీయించి మామయ్యను రప్పించాను.

మామయ్య రావడమే శాలువా కప్పుకుని దిగారు. ఎప్పుడో ఎవరో సన్మానం చేసినప్పటి ముదురు ఎరుపు శాలువా, అంచు పోగులు లేచిపోయి ఉంది. మా గదిలో ఏసీ ఆయనకు పడేది కాదు. ఎడారి దేశానికి వచ్చి చలికి వణికిన మనిషి మా మామయ్య ఒక్కరేనేమో! సోఫాలో శాలువా ముసుగేసుకుని కూర్చుని నన్ను ఆటపట్టించేవారు. నేనూ తక్కువ తినలేదు. మా ఇద్దరికీ పొద్దున లేస్తే యుద్ధం, సాయంత్రం టీ దగ్గర సంధి.

కొడుకు సాధన మొదటిసారి విన్నప్పుడు నావైపు తిరిగి, "ఏంది అమ్మాయ్, వాడట్టా అరస్తండాడు? ఎవురన్నా కొడతండారా?" అన్నారు.

"ఒపేరా మామయ్యా. ఇటలీవాళ్ళ పద్యనాటకం."

"ఇటలీలో కూడా ఉండారా మనలాంటి పనికిమాలినోళ్ళు" అని పక్కకు తిరిగి పడుకున్నారు.

కానీ నేను కనిపెడుతూనే ఉన్నాను. సాధన మొదలవగానే టీవీ గొంతు తగ్గించేవారు. శాలువా కింద సోఫా చేతిమీద వేలు ఆడుతూ ఉండేది. "తాళం వేస్తున్నారా మామయ్యా?" అని పట్టుకుంటే, "తిమ్మిరెక్కింది" అనేవారు. పై స్థాయి వచ్చినప్పుడల్లా మాత్రం ఆ వేలు ఆగిపోయేది, ముఖం బిగుసుకుపోయేది. కొడుకు దాన్ని పట్టుకుని క్షేమంగా కిందికి దిగాక గానీ ఊపిరి వదిలేవారు కాదు.

కచేరీ ముందు రోజు టీ గ్లాసు చేతికిచ్చి నేరుగా అడిగేశాను. "మామయ్యా, రేపు మీ అబ్బాయి స్టేజీ ఎక్కి పాడకపోతే ఈ అవకాశం పోతుంది. ఆ ఒట్టు వెనక్కి తీసుకోండి."

టీ మొత్తం తాగారు. ఆ తర్వాత, జీరపోయిన ఆ గొంతుతోనే, చెప్పారు.

"గొంతు ఆగిపోయినప్పుడు ముందు ఎవురూ ఏమనలా అమ్మాయ్. అంత జనం, ఒక్కడు పలకలా. శభాష్ లేదు, ఈల లేదు, నిమ్మళంగా చూస్తా కూసున్నారు. ఆ నిమ్మళం ఉందే, అదే చంపేస్తది. ఆనక చప్పట్లు మొదలుపెట్టినారు. కొడతానే ఉండారు, నేను దిగిందాకా. నా బిడ్డకి అది వద్దు."

"అందరికీ అలాగే జరుగుతుందా మామయ్యా?"

"ఒట్టు ఒట్టే" అన్నారు. గ్లాసు నా చేతికిచ్చి శాలువా తలమీదికి లాక్కున్నారు.

నేను వంటగదిలోకి వెళ్ళి గిన్నెలు కాస్త గట్టిగానే తోమాను. మా ఆయన వచ్చి, "పోనీలే, కిందే పాడతాను. నాయన వినడానికి వస్తానన్నాడు, అది చాలు" అన్నాడు. చాలదని ఆయన ముఖమే చెబుతోంది.

మర్నాడు సాయంత్రం హోటలుకు బయలుదేరుతుంటే శాలువా దగ్గర మళ్ళీ గొడవ. "అందరూ సూట్లు వేసుకుని వస్తారు మామయ్యా, ఆ పోగులు లేచిన శాలువా ఇంట్లో పెట్టండి" అన్నాను. "చలి నీకా నాకా?" అన్నారు. తెల్ల పంచె, లాల్చీ, పైన ఆ శాలువా. రంగు రంగుల దీపాల మధ్య, మెత్తటి తివాచీ మీద ఆయన్ని నడిపించుకు వెళ్ళి రెండో వరసలో కూర్చోబెట్టాను. మొదటి వరసలో మాకు ఎదురుగానే దర్శకుడు కూర్చున్నాడు. పక్కన ఇటలీ పెద్దమనిషి. టీచరు స్టేజీ మీద పియానో ముందు కూర్చుంది.

మా ఆయన వంతు వచ్చింది. పక్క తలుపులోంచి వచ్చి, మెట్ల పక్కన, కింద నిలబడ్డాడు. దర్శకుడు మెడ సాచి చూసి ఇటలీ పెద్దమనిషిని ఏదో అడిగాడు. ఆయన భుజాలెగరేశాడు. టీచరు ఒక్క క్షణం ఆగి, చేసేదేం లేక పియానో మొదలుపెట్టింది.

ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒక కుర్రాడు ఇంటివైపు తిరిగి పాడే పాట అది. అర్థం ఆయనే నాకు చెప్పాడు. మెల్లగా మొదలవుతుంది. ఆ రోజు ఆయన గొంతు ఎంత బాగుందో! ఇన్నేళ్ళ బియ్యం బస్తాలూ, మజ్జిగన్నాలూ అన్నీ ఆ గొంతులో ఉన్నాయి. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. హాలంతా చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం.

పక్కన మామయ్య అటూ ఇటూ కదలడం మొదలుపెట్టారు. ముందువరస చూశారు, వెనక్కి తిరిగి చూశారు.

"ఏంది అమ్మాయ్, ఒక్కడూ పలకడు?" అన్నారు నా చెవిలో.

"ఇక్కడ ఇట్టాగే వినాలి మామయ్యా. పాట మధ్యలో చప్పుడు చెయ్యకూడదు. కూర్చోండి."

"నాకు చెప్పబాక. వాడు అట్టా పాడతంటే ఒక్కడికి నోరు రాదా? చచ్చినోళ్ళ మాదిరి కూసున్నారు. ఇంకాసేపట్లో చప్పట్లు మొదలుపెడతారు చూడు."

నాకు విషయం అర్థమయ్యేసరికి ఆయన లేచి నిలబడ్డారు. ఆపుదామని శాలువా కొస పట్టుకున్నాను. పోగులు నా వేళ్ళకు వచ్చాయి గానీ మనిషి ఆగలేదు. వరసలోని వాళ్ళ మోకాళ్ళు తోసుకుంటూ నడవలోకి వెళ్ళిపోయారు. నల్ల సూటు సెక్యూరిటీ అతను అడ్డం వస్తుంటే ఇటలీ పెద్దమనిషి చెయ్యి చాచి అతన్ని ఆపాడు. ఎందుకు ఆపాడో నాకు ఇప్పటికీ తెలియదు. నేను "మామయ్యా, మామయ్యా" అని గుసగుసగా అరుస్తూ వెనకాలే పరిగెత్తాను. భూమి చీలితే అందులో దూరిపోదును.

పద్యనాటకంలో ఒక పద్ధతి ఉంది. పద్యం రక్తి కడితే చూసేవాళ్ళు ఆగరు. పాట నడుస్తుండగానే స్టేజీ ఎక్కి, నోటు గుచ్చడమో, దండ వెయ్యడమో, శాలువా కప్పడమో చేసి దిగిపోతారు. పాడేవాడు వంగి అది అందుకోవాలి, రాగం మాత్రం తెంచకూడదు. మా ఆయన ఊహ తెలిసినప్పటి నుంచి తెర పక్కన నిలబడి చూసింది అదే.

మామయ్య వెళ్ళి కొడుకు ఎదురుగా నిలబడి భుజాల మీద శాలువా కప్పారు. మా ఆయన తల వంచాడు. గొంతు వంచలేదు. సరిగ్గా పాట పై స్థాయికి వెళుతున్న చోటు. ఆ స్వరం పట్టుకునే ఉన్నాడు, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, స్వరం వణకలేదు. పియానో మీద టీచరు కూడా ఆగలేదు, పాపం, వేళ్ళు ఆడిస్తూనే నోరు తెరుచుకుని చూస్తోంది.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. మామయ్య కొడుకు మణికట్టు పట్టుకున్నారు. పట్టుకుని మెట్ల వైపు నడిచారు. మా ఆయన మొదటి మెట్టు దగ్గర కాలు ఆపి తండ్రి ముఖం చూశాడు, పాట ఆపకుండానే. మామయ్య తలూపారు. అంతే. ఇద్దరూ స్టేజీ ఎక్కారు.

నేను మెట్ల కిందే చతికిలబడ్డాను. ఇంక ఎవరేమనుకుంటే నాకేం.

స్టేజీ మధ్యలో కొడుకుని నిలబెట్టి మామయ్య అరడుగు వెనక్కి జరిగారు. జనం వైపు గుడ్లురిమి చూస్తూ కాపలాగా నిలబడ్డారు. మా ఆయన మిగతా పాటంతా అక్కడే పాడాడు. చివరి మాట మెల్లగా, దాదాపు ఊపిరిలా వదిలాడు. పియానో ఆగింది. హాలు ఒక్క క్షణం అలాగే ఉంది.

ఆ తర్వాత చప్పట్లు.

మామయ్య ఒళ్ళు అదిరిపోవడం నేను కళ్ళారా చూశాను. గబుక్కున కొడుకు చెయ్యి పట్టుకుని లాగారు.

"దిగరా అబ్బయ్యా, పద. దిగమంటండారు."

"కాదు నాయనా."

"చెప్తే ఇనవే. ఆపరు వాళ్ళు, మనం దిగిందాకా కొడతానే ఉంటారు. పద."

"నాయనా, దిగమని కాదు. బాగుందని కొడుతున్నారు. చూడు, లేచి నిలబడ్డారు."

మామయ్య చూశారు. మొదటి వరసలో దర్శకుడు లేచాడు. వెనక ఒక్కొక్కరూ లేస్తున్నారు. ఆయన నమ్మలేక కిందున్న నావైపు చూశారు. నేను అవునని గట్టిగా తలూపాను. అప్పుడు కొడుకు చెయ్యి వదిలేసి, పంచె సర్దుకుని, రెండు చేతులూ బారుగా చాచి దగ్గరికి తెచ్చి, రాజు వేషంలో సభకు పెట్టే నమస్కారం పెట్టారు. ఎంతసేపు చప్పట్లు కొట్టారో అంతసేపూ అలాగే ఉన్నారు.

దర్శకుడు స్టేజీ దగ్గరికి వచ్చి ముందు మామయ్యకే చెయ్యి ఇచ్చాడు. తండ్రి వచ్చి కొడుకును పైకి తీసుకెళ్ళడం మేము కావాలని పెట్టుకున్న నటన అనుకున్నాడట. కాదని టీచరు చెబితే ఇంకా గట్టిగా ఊపాడు ఆ చెయ్యి. శిక్షణకు తీసుకున్నట్టు ఉత్తరం ఆలస్యమైనా మాట ఆ రోజే ఇచ్చేశాడు. రెండువేల ఏడులో వేసవి అయ్యాక మా ఆయన ఉద్యోగం మానేసి వెళ్ళాడు. ఏడాది శిక్షణ అయి, రెండువేల ఎనిమిదిలో మొదటి వేషం వచ్చింది, చిన్నదే. రాజుకు ఉత్తరం తెచ్చే సిపాయి. పాడేది కాసేపే. నేను ముసఫాలో క్లినిక్కు పని చేసుకుంటూ ఆయన ఫోన్లో పాడి వినిపించేది వింటూ, మళ్ళీ కారంతో వండుకు తింటూ హాయిగానే ఉన్నాను. ఎర్ర శాలువా మాత్రం ఆయన పెట్టెలో వెళ్ళిపోయింది. అక్కడ చలి ఎక్కువట.

కచేరీ అయిన ఆ రాత్రి కారులో ముగ్గురం ఇంటికి వస్తున్నాం. మా ఆయన బండి నడుపుతున్నాడు, ముఖం వెలిగిపోతోంది. నేను మామయ్యను పట్టుకుని వాయిస్తున్నాను. "గుండె ఆగినంత పనైంది మామయ్యా! ఎవరైనా అలా వెళ్తారా? ఒక్క మాటైనా చెప్పి లేవక్కర్లేదా?" ఆయన కిటికీలోంచి దీపాలు చూస్తూ కూర్చున్నారు. ముసఫా వంతెన దాటాక వెనక సీటులోంచి పిలిచారు.

"అమ్మాయ్."

"ఏంటి మామయ్యా?"

"ఆ తిరునాళ్ళలో నాక్కూడా శానాసేపు కొట్టినారు చప్పట్లు. నేను దిగి పందిట్లోకి పోయినాక కూడా ఇనపడతానే ఉండాయి." ముందు సీటు పట్టుకుని ముందుకు వంగారు. "అది కూడా మెచ్చుకొనేనేమో గదా?"

మా ఆయన తల తిప్పి నావైపు చూశాడు. ప్రతి మాటకూ ఎదురు చెప్పేదాన్ని నేను.

"మెచ్చుకునే కొట్టుంటారు మామయ్యా" అన్నాను.